ఒకే సర్వరు, మూడు రకాల యంత్రాలు

గుంటూరు దగ్గర ఉన్న మా కోల్డ్ స్టోరేజీకి ఇది సీజను. మిర్చి టిక్కీల (బస్తాల) లారీలు తెల్లవారేసరికే కాటా ముందు బారులు తీరుతాయి కాబట్టి, సర్వరుకు సంబంధించిన పని ఏదైనా ఉంటే మొదటి లారీ రాకముందే ముగించుకోవడం నాకు అలవాటు. ఈ రోజు పని ఆడిటరు గారి మ్యాక్ ల్యాప్‌టాప్‌ను రైతుల ఖాతాలు, టిక్కీల లెక్కలు ఉన్న మా డేటాబేసుకు కలపడం.

సర్వరంటే ఘనమైనదేమీ కాదు. ఆఫీసులో బీరువా పక్కన యూపీఎస్ మీద నడిచే మామూలు కంప్యూటరు. అందులో లినక్సు రకానికి చెందిన డెబియన్ 12, దానితోపాటు వచ్చే పోస్ట్‌గ్రెస్ 15 అనే డేటాబేసు సాఫ్ట్‌వేరు ఉన్నాయి. కాటా గదిలోనూ, బిల్లులు రాసే గుమాస్తా గారి బల్ల మీదా విండోస్ యంత్రాలున్నాయి. ఇదివరలో ఈ లెక్కలన్నీ షేర్డ్ ఫోల్డరులోని ఒక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలులో ఉండేవి. ఆ ఫైలు 2 జీబీ దాటడానికి వీల్లేదన్న పరిమితి మాకు పెద్ద ఇబ్బంది కాలేదు గాని, ఇద్దరు ఒకేసారి రాస్తున్నప్పుడు నెట్‌వర్కు క్షణం తెగినా ఫైలు పాడవుతుందన్న భయం ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు ఫైళ్లను సర్వరు తప్ప ఇంకెవరూ ముట్టుకోరు; మిగిలిన యంత్రాలు అడుగుతాయి, అది వెతికి ఇస్తుంది.

పోస్ట్‌గ్రెస్ మొదట తన సొంత యంత్రం నుంచి వచ్చే పిలుపులే వింటుంది. నెట్‌వర్కు పిలుపులు కూడా వినమని చెప్పి, ఆ పిలుపులు వచ్చే ద్వారాన్ని, అంటే 5432 పోర్టును, ఆఫీసు వరకే తెరిచి ఉంచాము. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ పద్ధతిలో రావచ్చో మరొక ఫైలులో వరుసగా రాసి ఉంటుంది. ఆ వరుసల్లో పైనుంచి మొదట సరిపోయినదే చెల్లుతుంది. అక్కడ పాస్‌వర్డు తప్పితే సర్వరు కింది వరుస జోలికి పోదు. కాబట్టి ఆడిటరు గారి యూజరు ఎన్‌క్రిప్షన్‌తో, ఆయన ల్యాప్‌టాప్‌కు కేటాయించిన అడ్రసు నుంచి మాత్రమే రావాలన్న వరుసను, మరెక్కడి నుంచి వచ్చినా నిరాకరించాలన్న వరుసను ఆఫీసు మొత్తానికి వర్తించే వరుసకు పైన రాశాను. ఈ ఫైలు మారితే సర్వరును ఆపి మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు, రీలోడ్ చేస్తే చాలు. ఆయన యూజరుకు కొన్ని వ్యూలను (పట్టికల్లోంచి ఎంచి చూపే జాబితాలను) చదివే హక్కు తప్ప మరేమీ ఇవ్వలేదు. ఈ కట్టడి సర్వరులోనే ఉండాలన్నది నా అభిప్రాయం. వాడేవారి ప్రోగ్రాములో పెడితే రేపు ఆయన ఎక్సెల్‌తో వచ్చినప్పుడు అది ఉండదు.

మ్యాక్‌లో పని పది నిమిషాల్లో అయిపోయింది. డేటాబేసును చూడడానికి పెట్టిన డీబీవర్ ప్రోగ్రాము వాడే జేడీబీసీ డ్రైవరు (డేటాబేసుకు కలిపే వంతెన లాంటిది) పూర్తిగా జావాలో రాసినది కనుక ఏ యంత్రం మీదైనా ఒక్కటే. విండోస్ వైపు అంత సాఫీగా ఉండదు. కాటా సాఫ్ట్‌వేరు 32 బిట్ల కాలం నాటిది, గుమాస్తా గారి ఆఫీసు ప్యాకేజీ 64 బిట్లది, విండోస్ ప్రోగ్రాములను డేటాబేసుకు కలిపే ఓడీబీసీ డ్రైవరు దేనికి తగినది దానికి కావాలి. పైగా 64 బిట్ల విండోస్‌లో 64 బిట్ల ఓడీబీసీ పరికరం సిస్టమ్32 ఫోల్డరులోనూ, 32 బిట్లది సిస్‌వావ్64 ఫోల్డరులోనూ ఉంటాయి! పాత డ్రైవర్లకు స్క్రామ్ పాస్‌వర్డు పద్ధతి తెలియదు. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి అదే డిఫాల్టు. అందుకని కాటా గదిలో 32 బిట్లదే అయినా కొత్త వెర్షన్ డ్రైవరు, అందులోనూ తెలుగు అక్షరాలను మోయగల యూనికోడ్ రకం పెట్టవలసి వచ్చింది. ఆన్సీ రకం పెడితే రైతుల పేర్లున్న చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

అసలు చిక్కు మధ్యాహ్నం తేలింది. ఆడిటరు గారు ఫోన్ చేసి, "ఒకే ఊళ్లో రమేష్ అనే పేరుకు రెండు ఖాతాలు కనిపిస్తున్నాయండీ, చూడడానికి ఒకటిగానే ఉన్నాయి, జాబితా మాత్రం వేరుగా చూపిస్తోంది" అన్నారు. రెండింటి పొడవునూ సర్వరును అడిగాను. ఒకటి 5 అక్షర సంకేతాలు, 15 బైట్లు. రెండవది 6 సంకేతాలు, 18 బైట్లు. ఆ ఆరవది పొల్లు తరవాత వచ్చే కంటికి కనిపించని, అక్షరాలు కలవకుండా విడదీసే సంకేతం, జీరో విడ్త్ నాన్ జాయినర్. కార్తీక్‌రెడ్డి అన్న పేరు కార్తీక్రెడ్డిగా మారకుండా కాపాడేది అదే, కాబట్టి దానిని తప్పుపట్టలేము. అయితే కొన్ని తెలుగు కీబోర్డులు పదం చివరి పొల్లుకు కూడా దానిని తగిలిస్తాయి, కొన్ని తగిలించవు. కాటా గదిలో ఒకటి, గుమాస్తా గారి దగ్గర మరొకటి వాడుతున్నారు. డేటాబేసుకు అవి రెండు వేర్వేరు పేర్లు.

పేరు ఎటునుంచి వచ్చినా, చివరన ఉన్న ఆ సంకేతాన్ని తీసివేసి, మిగిలిన యూనికోడ్‌ను ఒకే రూపానికి తెచ్చి దాచే ట్రిగ్గరును (డేటాబేసు తనంతట తానే నడిపే చిన్న ప్రోగ్రామును) సాయంత్రం రాశాను. అలా ఒకే రూపానికి తెచ్చే నార్మలైజ్ ఫంక్షను పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉంది గాని, అది ఒక్కటే చాలదు. ఈ విడదీసే సంకేతాన్ని అది ముట్టుకోదు. పేరు మధ్యలో ఉన్నదానిని నేనూ కదపలేదు. జాబితాల అకారాది క్రమాన్ని కూడా సర్వరే నిర్ణయించి పంపేలా మార్చాను, ఎందుకంటే ఎక్సెల్ ఒక వరుసలో, మ్యాక్ మరొక వరుసలో పేర్చితే టిక్కు పెట్టుకుంటూ సరిచూసేవారి ఓపిక నశిస్తుంది. కాటా సమయం ముందునుంచీ సర్వరు గడియారానిదే. కాటా గది యంత్రం గడియారాన్ని నేను నమ్మను.

రాత్రి తీసే బ్యాకప్, డేటాను విడి ఫైలుగా (డంపుగా) రాసే పీజీడంప్‌దే. లినక్సు మీది డేటా ఫోల్డరును యథాతథంగా విండోస్‌కు కాపీ చేస్తే నడవదు, డంపు ఎక్కడైనా నడుస్తుంది. ఈ రోజుటి డంపును గుమాస్తా గారి విండోస్ యంత్రంలోని పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించి, టిక్కీల మొత్తం సరిపోయిందని చూసుకున్నాను.

పాత ఖాతాలను మాత్రం కలపలేదు. చివరి సంకేతం తీసివేస్తే ఒకటయ్యే జంటలను ముద్రించి గుమాస్తా గారికి ఇస్తే, ఆయన ఒక జంట దగ్గర వేలు పెట్టి, "వీళ్లిద్దరూ వేరేనండీ, తండ్రి పేర్లు చూడండి" అన్నారు. నిల్వ సరుకుకు రసీదుగా ఇచ్చే బాండ్ల మీద బ్యాంకు అప్పులు తీసుకున్న రైతులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఒక్కొక్క జంటను బాండు పుస్తకంతో సరిచూసి ఆయన సంతకం పెట్టిన తరవాతే కలుపుతాను.