బాబీ అబ్రేయు వదిలేసిన బంతులు

శనివారం. బట్టలు ఉతకడం, వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బుకోవడం అయ్యాక మధ్యాహ్నమంతా ఫిలడెల్ఫియా బేస్‌బాల్ జట్టు ఫిలీస్ ఆడిన పాత మ్యాచ్‌లు పెట్టుకుని కూర్చున్నా. ఫిలడెల్ఫియా పక్కనే కాపురం కాబట్టి మా ఇంట్లో అందరికీ బేస్‌బాల్ పిచ్చి పట్టింది.

ఇవాళంతా బాబీ అబ్రేయునే చూశా. వెనిజులా కుర్రాడు. 1997 నవంబరులో హ్యూస్టన్ జట్టు అతన్ని అట్టే పెట్టుకోలేదు. కొత్తగా పుట్టిన టాంపా బే జట్టు తీసుకుని, కెవిన్ స్టాకర్ అనే షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) కోసం అదే రోజు ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. ఆ తర్వాత 1999 నుంచి 2006 దాకా వరుసగా 8 సీజన్లు, ఏటా 100కి తగ్గకుండా వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతుల్ని కొట్టకుండా వదిలేసి ఫస్ట్ బేస్‌ని ఊరికే దక్కించుకోవడం) తీసుకున్నాడు. ఎంత ఓపిక కావాలి దానికి!

రెండు స్ట్రైక్‌లు పడ్డాక, మూడోది పడితే ఔటని తెలిసినా, అతను తొందరపడడు. బంతి ప్లేటు అంచు దాకా వచ్చి వేలెడు దూరంలో బయటికి జారిపోతుంది. చేతులు కాస్త కదులుతాయి, బ్యాట్ మాత్రం ఆగిపోతుంది. గురి తప్పిన నాలుగో బంతి, అంటే నాలుగో 'బాల్' పడగానే బ్యాట్ పక్కన పడేసి ఫస్ట్ బేస్‌కి వెళ్లిపోతాడు. చప్పట్లు కూడా అంతంతమాత్రమే. నాకైతే ఆ ఆగిన బ్యాట్‌ని వెనక్కి తిప్పి మళ్లీ చూడాలనిపిస్తుంది.

జనానికి గుర్తున్నది 2005 డెట్రాయిట్ హోమ్ రన్ డెర్బీ, అంటే బంతిని కంచె దాటించే పోటీ. మొదటి రౌండులోనే 24, మొత్తం 41, అప్పటికి రెండూ రికార్డులే. నిజానికి అతని గొప్పతనం అది కాదు. 100 సార్లు బ్యాటింగ్‌కి దిగితే దాదాపు 40 సార్లు ఏదో ఒక దారిన బేస్ మీదికి చేరాడు. అంతటివాడు ఏటా మేటి ఆటగాళ్లతో జరిగే ఆల్ స్టార్ ఆటకి వెళ్లింది రెండుసార్లే!

"హోమ్ రన్లు 300 కూడా లేవుగా," అన్నారు మా ఆయన.

"288 ఉన్నాయి. మరి ఒక్క దెబ్బకి రెండో బేస్ చేరిన 574 డబుల్స్, కళ్లుగప్పి తర్వాతి బేస్‌కి ఉరికిన 400 స్టీల్స్, 1,476 వాక్‌లు లెక్కలోకి రావా?" అన్నా. ఇలాంటి మాట వింటే ఊరుకోలేను.

బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకి దక్కే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్. దానికి 75 శాతం ఓట్లు కావాలి. 2020లో మొదటిసారి పేరు వచ్చినప్పుడు అబ్రేయుకి పడ్డవి 5.5 శాతం. 5 శాతం కన్నా తగ్గి ఉంటే ఓటింగు జాబితాలోంచే తీసేసేవాళ్లు. పద్దెనిమిది సీజన్లు ఆడిన మనిషికి ఇదా మర్యాద? నాకే ఓటుంటే ఆ మొదటి ఏడాదే వేసేదాన్ని.