పంగ్యో రైల్లో కొరియా నవలలు

పొద్దున్నే ఆఫీసుకెళ్లే సియోల్ మెట్రో షిన్‌బున్‌దాంగ్ లైన్ రైల్లో ముంగురులకి ప్లాస్టిక్ రోలర్ చుట్టుకుని నిలబడ్డ అమ్మాయిలు కనిపిస్తూనే ఉంటారు. ఐటీ ఆఫీసులుండే పంగ్యో స్టేషన్ వస్తోందనగా టక్కున తీసి బ్యాగులో పడేస్తారు, రైల్లో ఎవరు చూసినా పర్లేదు గానీ ఆఫీసులో మాత్రం జుట్టు కుదురుగా ఉండాలి. నన్నడిగితే అదీ డ్యూటీలో భాగమే, జీతం లేదంతే.

ఇక్కడ ప్రభుత్వ సంస్థలు ఉద్యోగ దరఖాస్తులో ఫొటో అడగకూడదని 2017లో రూల్ తెచ్చారు. ప్రైవేటులో ఇంకా నడుస్తూనే ఉంది. స్టూడియోకి మామూలు టీషర్టులో వెళ్లినా కంప్యూటర్లోనే కోటు తొడిగి, దవడ కాస్త చెక్కి మరీ ఇస్తారు.

ఇవన్నీ రోజూ చూస్తూ ఫ్రాన్సెస్ చా 2020లో ఇంగ్లీషులో రాసిన 'ఇఫ్ ఐ హ్యాడ్ యువర్ ఫేస్' నవల చదివితే అందులోని సుజిన్ పిచ్చిది అనిపించదు. రూమ్ సలోన్‌లో, అంటే మగాళ్లు డబ్బులిచ్చి అమ్మాయిలతో మందు పోయించుకునే చోట, పని దొరుకుతుందని ఆ పిల్ల దవడ ఎముకలు కోయించుకుంటుంది. మనవాళ్లు కోచింగ్ ఫీజుకి అప్పు చేసినట్టే, తన లెక్కలో అదో పెట్టుబడి.

చో నమ్‌జూ 2016లో రాసిన 'కిమ్ జీయంగ్, బోర్న్ 1982' నవలలో ఇలాంటి కోతలేం లేవు, అయినా నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ముగ్గురమ్మాయిల్ని కూర్చోబెట్టి, క్లయింటు ఒంటిమీద చెయ్యేస్తే ఏం చేస్తారని అడుగుతారు. ఏదో సాకు చెప్పి బయటికొచ్చేస్తానని జీయంగ్ అంటుంది, ఇంకో అమ్మాయి కేసు పెడతానంటుంది, మరో అమ్మాయేమో నా బట్టల్లోనో నా తీరులోనో తప్పుందేమో ముందు చూసుకుంటానంటుంది. జీయంగ్‌కి ఆ ఉద్యోగం రాదు.

2018లో ఎంబీసీ టీవీ ఛానల్ యాంకర్ ఇమ్ హ్యన్‌జు అనే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వార్తలు చదివితే అదే పెద్ద వార్తయింది. ఆ ఏడాదే చాలామంది అమ్మాయిలు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మేకప్ సామాను పగలగొట్టి నిరసనగా ఫొటోలు పెట్టారు. మా టీమ్‌లో మాత్రం ఇప్పటికీ ఎవరైనా లిప్‌స్టిక్ లేకుండా వస్తే ఒంట్లో బాలేదా అని పలకరింపులే. నన్నెవరూ అడగరు, బయటి దేశందాన్ని కాబట్టి వాళ్ల కొలతల్లోకి రాను.

ఆ లోటు మా పెద్దమ్మ తీర్చింది. సంక్రాంతికి వీడియో కాల్ చేసి, "కొరియా వెళ్లి కూడా రంగు తేలలేదేమే" అంది, ఆ నోటితోనే వాళ్ల కోడలికి రెండు సన్‌స్క్రీన్ ట్యూబులు పంపమంది.