బరంపురం సైకిల్ డైరీ: నాలుగో నెల, 612 కిలోమీటర్లు

జూన్‌లో విజయనగరం నుంచి ఒడిశాలోని బరంపురానికి బదిలీ మీద వచ్చాను. మొదటి ఆదివారం 9 కిలోమీటర్లకే మోకాళ్లు పట్టేశాయి. మొన్నటి ఆదివారం అశోకుడి శాసనం ఉన్న జౌగడ వెళ్లొచ్చాను, రానుపోను 74. ఈ మధ్యలో ఏం మారిందో రాసి పెట్టుకుంటున్నాను. బరంపురం కొత్తగా వచ్చే మనవాళ్లకు పనికొస్తుంది.

ముందు సీటు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. నాది రెండంగుళాలు తక్కువ ఉంది. ఎత్తాక వారం రోజుల్లో మోకాళ్ల నొప్పి పోయింది.

జూన్ అంతా ఊళ్లోనే తిరిగాను. పొద్దున్న అయిదున్నరకి బజారు సందులు ఖాళీగా ఉంటాయి, ఏడు దాటితే ఆటోలదే రాజ్యం. నేత వీధుల్లో తెలుగు వినబడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది, వి.వి.గిరి పుట్టిందీ ఇక్కడే. ఇవన్నీ చదివి తెలుసుకున్నవే. కానీ ఒక అరుగు మీద పట్టుచీర మడత పెడుతూ ఒక పెద్దాయన ఫోడా కుంభం అంచు చూపించి, "ఇవి గుడి శిఖరాలు బాబూ, వరస తప్పకూడదు" అన్నప్పుడు ఊరు నాకు కాస్త దగ్గరైంది.

జూలై నుంచి సముద్రం ఒడ్డునున్న గోపాలపురం దారి పట్టాను. ఒకవైపుకి 16 కిలోమీటర్లు, దాదాపు చదును రోడ్డు. ఇక్కడ లెక్క చూసుకోవలసింది గాలి. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు పల్చగా వీస్తుంది. ఎండెక్కాక తిరగబడుతుంది. అయిదింటికి బయల్దేరి తొమ్మిదిన్నరకి తిరుగు ముఖం పడితే రెండు వైపులా గాలి వీపునే ఉంటుంది. ముసురు రోజుల్లో ఈ లెక్క పనిచేయదు. ఒకసారి ఎదురుగాలిలో ఆ 16 కిలోమీటర్లకీ గంటన్నర పట్టింది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకామె నన్ను చూసి, "ఎక్కడ్నించొచ్చినావు బాబూ? ఇంత దూరం సైకిలు మీదేటి?" అంది. అచ్చంగా మా ఊరి యాస. నాలుగు నెలల్లో నాకు అంత సంతోషం కలిగించిన మాట మరొకటి లేదు. ఇక్కడి చేపలవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే.

సముద్రం దాకా వెళ్లిన ప్రతిసారీ ఇంటికి రాగానే సైకిలు మంచినీళ్లతో కడగాలి. గొలుసు గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పైకి కనిపించే నూనె మళ్లీ తుడిచేయాలి. ఆ చివరి తుడుపు మానేస్తే ఇసుక అంటుకుని గొలుసు కరకరలాడుతుంది.

ఆగస్టులో ఛత్రపురం వైపు. ఇరవై కిలోమీటర్ల లోపే ఒక మలుపు దగ్గర కంటికి కనపడకముందే వాసన తగిలింది. మొగలి! కంచెల వెంబడి మొగలి పొదలు, ఆకు అంచుల నిండా రంపపు పళ్లలా ముళ్లు. ఒకతను కొంకి కట్టిన కర్రతో తెల్లని పొత్తి వంచి కోస్తున్నాడు. అత్తరుకి పనికొచ్చేది మగపువ్వే. పొద్దెక్కితే వాసన తగ్గుతుందని చీకటితోనే కోస్తారట. నాకొక రేకు ఇచ్చాడు. హ్యాండిల్‌బార్ సంచిలో వేసుకున్నాను, మూడు రోజులు పంపుకి కూడా అదే వాసన.

పంక్చర్లు మూడు, మూడూ వెనక చక్రానికే. అతుకు వేయించిన మర్నాడే మళ్లీ గాలి పోయేది. మూడోసారి ట్యూబు నేనే విప్పి బకెట్టులో ముంచాను. బుడగలు లోపలి వైపు నుంచి వచ్చాయి, అంటే ముల్లు కాదు. రిమ్ము మీది రబ్బరు పట్టీ పక్కకి జరిగి, స్పోకు మొన ట్యూబుని గుచ్చుతోంది. కొత్త పట్టీ వేశాక నెలన్నరగా ఇబ్బంది లేదు. గాలి వెనక 65, ముందు 60 పీఎస్‌ఐ. వాన రోడ్డయితే రెంటికీ ఐదు తగ్గిస్తాను.

జౌగడ దారి పురుషోత్తమపురం మీదుగా, రుషికుల్య ఒడ్డు పట్టి. నాలుగున్నరకి బయల్దేరాను. నీళ్లు రెండు సీసాలు, అటుకులు, బెల్లం, అరటిపళ్లు. రాతి మీద అశోకుడి శాసనం, బ్రాహ్మి లిపి. కళింగ యుద్ధంలో చచ్చినవాళ్లని తలచుకుని ఆయన బాధపడిన 13వ శాసనం ఇక్కడ, కళింగలోనే, చెక్కించలేదు. దాని బదులు ఇక్కడి అధికారులకి రాయించినదాంట్లో "మనుషులంతా నా బిడ్డలే" అన్నాడు. ఓడిన జనం ముందు ఆ యుద్ధం మాట ఎత్తకపోవడం గురించే వచ్చే దారంతా ఆలోచించాను. చివరి పది కిలోమీటర్లలో తొడలు పట్టేశాయి. ఉప్పు కలిపిన నిమ్మరసం తాగాక తేరుకున్నాను.

ఇక తప్తపాని. దిగపహండి మీదుగా ఒకవైపుకే యాభై దాకా ఉంటుంది, చివర్లో ఘాట్ రోడ్డు. ఒక రాత్రి అక్కడ ఉండి వేడినీటి బుగ్గ చూసి వస్తాను. ఎక్కడం కన్నా దిగడమే నాకు భయం. బ్రేకు రబ్బర్లు సగానికి అరిగాయి, కొత్తవి నిన్న తెచ్చాను. శనివారం బిగించి, ముందు మా వీధి చివరి ఏటవాలులో పరీక్ష చేయాలి.