చర్చి గోడల మీద ఆ ఆకుల ముఖం

ఇంగ్లండ్‌లో పాత చర్చి ఏదైనా చూడటానికి వెళ్తే రంగు అద్దాలు చూసి వచ్చేయకండి, మెడ నొప్పి పెట్టినా సరే పైకప్పు కమానులు కలిసే చోట, స్తంభాల పైభాగంలో వెతకండి. చాలాచోట్ల ఓ మగవాడి ముఖం కనిపిస్తుంది, నోట్లోంచి, ఒక్కోసారి ముక్కులోంచి, కళ్లలోంచి కూడా తీగలూ ఆకులూ పొడుచుకొస్తూ. దీన్నే గ్రీన్ మ్యాన్ అంటున్నారు. స్కాట్లండ్‌లో 1446లో కట్టడం మొదలుపెట్టిన రాస్లిన్ చాపెల్‌లో అయితే ఇలాంటివి వందకు పైనే ఉన్నాయి.

దీని గురించి యూట్యూబ్ నిండా ఒకటే కథ. క్రైస్తవం రాకముందు జనం కొలిచిన అడవి దేవుడట, పాదిరీల కన్నుగప్పి శిల్పులు తమ పాత దేవుణ్ణి చర్చి గోడల్లో దాచుకున్నారట. వినడానికి భలే ఉంటుంది కానీ నాకైతే అతకదు. అసలు ఈ కథకే వందేళ్లు లేవు. 1939లో లేడీ రాగ్లాన్ అనే ఆవిడ, వేల్స్‌లో ఒక పల్లె చర్చిలో చూసిన ఆకుల ముఖం గురించి వ్యాసం రాస్తూ, మే పండగలో ఒళ్లంతా ఆకులు కప్పుకుని ఆడే వేషగాణ్ణీ, కథల్లోని అడవి దొంగ రాబిన్ హుడ్‌నీ, ఈ రాతి ముఖాన్నీ ఒకే గాటన కట్టేసింది. తీరా తర్వాతివాళ్లు తవ్వి చూస్తే ఆ ఆకుల వేషం 18వ శతాబ్దం కంటే వెనక్కి పోలేదు.

అయినా దాచడమేంటండీ? చర్చి కట్టించేదీ, కూలి ఇచ్చేదీ ఆ మతపెద్దలే. వాళ్ల నెత్తిమీద, ఎదురుగా చెక్కితే దాచినట్టా? 1125 ప్రాంతంలో క్లేర్వో మఠం పెద్ద బెర్నార్డ్ మఠాల్లోని వింత బొమ్మల మీద మండిపడ్డాడు. కోతులు, సింహాలు, సగం మనిషి సగం జంతువు, చదువుకునే సన్యాసుల కళ్లెదుట ఇవెందుకని అడిగి, సిగ్గు లేకపోతే పోనీ, ఖర్చు చూసైనా జంకరా అన్నాడు. చూడండి, ఆయన టెన్షన్ పాత దేవుళ్లు దూరారని కాదు, ధ్యానం చెడుతోందని, డబ్బు దండగవుతోందని.

అలాగని పాత మతంతో సంబంధమే లేదనను. ఆకుల ముఖాలు రోమన్ల కట్టడాల్లో ముందు నుంచీ ఉన్నవే. జర్మనీలోని ట్రియర్‌లో 6వ శతాబ్దపు బిషప్ నికేటియస్, పాడుబడిన రోమన్ కట్టడం నుంచి అలాంటి ముఖాలున్న రాళ్లు తెచ్చి తన కెథడ్రల్‌లో పెట్టించాడు. 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండ్‌కు పంపిన ఉత్తరంలోనూ పాత దేవుళ్ల గుళ్లు కూలగొట్టొద్దు, విగ్రహాలు తీసేసి పవిత్ర జలం చల్లి వాడుకోండి అనే ఉంది. అంటే దొంగచాటు వ్యవహారం కాదు, పైనుంచి వచ్చిన అనుమతే.

పైగా నోట్లోంచి మొక్క రావడానికి క్రైస్తవుల్లోనే చక్కటి కథ ఉంది. మొదటి మనిషి ఆదాము చనిపోతే కొడుకు షేతు ఏదెను తోట చెట్టు విత్తనాలు తండ్రి నోట్లో పెట్టి పాతిపెట్టాడట, ఆ విత్తనాల నుంచి పెరిగిన మానుతోనే తర్వాత యేసు సిలువ చేశారట. బైబిల్లో లేదిది, మధ్యయుగంలో జనం చెప్పుకున్న కథ. శిల్పులందరూ దీన్నే తలచుకుని చెక్కారనలేం గానీ, అడవి దేవుడి కంటే ఇది నాకు దగ్గరగా అనిపిస్తుంది.

మనవాళ్లకైతే చూడగానే గుడి తోరణం మీది కీర్తిముఖం గుర్తొస్తుంది, దాని నోట్లోంచీ దండలూ లతలూ జారుతుంటాయి కదా. మన గుళ్ల నుంచే ఆ చర్చిలకు వెళ్లిందని రాసేవాళ్లూ ఉన్నారు. పోలిక ఉందని చుట్టరికం కలిపేయడమే!

2023లో బ్రిటన్ రాజు చార్లెస్ పట్టాభిషేకం ఆహ్వానపత్రం మీద కూడా గ్రీన్ మ్యాన్ వేశారు. అందులో ముఖం ప్రశాంతంగా ఉంటుంది. రాతి ముఖాలు చాలావరకు అలా ఉండవు, ఊపిరాడనట్టు, నోరు చీలుతున్నట్టు ఉంటాయి. వసంతానికి గుర్తు అని సర్దుకునేవాళ్లు ఒకసారి వాటి కళ్లు చూడాలి.

ఒక్క చోటే చూసే వీలుంటే నాటింగ్‌హామ్ దగ్గరి సౌత్‌వెల్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికి వెళ్లండి. 13వ శతాబ్దం చివర్లో కట్టిన సమావేశ మందిరంలో ఓక్, ద్రాక్ష, ఐవీ, హాప్ ఆకులు ఏది ఏదో గుర్తుపట్టేంత స్పష్టంగా చెక్కారు, మధ్యమధ్యలో ఆకుల ముఖాలూ తొంగిచూస్తాయి. ఆ పనివాళ్లు పక్కనున్న పొదలోంచి కొమ్మ తెంపుకొచ్చి ముందు పెట్టుకుని చెక్కారేమో అనిపిస్తుంది, పాత దేవుడి కోసం అడవిదాకా పోనక్కర్లేకుండా.