లారీ యాక్సిల్ కోసం కార్లైల్ దాకా

ఒహాయోలోని కొలంబస్ నుంచి, పాత కార్ల పార్టుల సంత జరిగే పెన్సిల్వేనియాలోని కార్లైల్‌కి ఆరు గంటలే, కానీ పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కితే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. మా పక్కింటి పెద్దాయన మన ఫాస్టాగ్ లాంటి ఈజీపాస్ పెట్టుకోడు, గవర్నమెంటుకి తన లెక్కలు తెలియకూడదట, దాంతో నంబర్ ప్లేట్ ఫోటో తీసి దాదాపు డబుల్ బిల్లు ఇంటికి పంపిస్తారు. ఆయన పికప్పు, ఆయన డబ్బులు, నాకెందుకులే అని పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.

ఆయన రిటైరైన వెల్డరు. గరాజ్‌లో 1955 షెవీ రెండు డోర్ల సెడాన్‌ని మూడేళ్లుగా గ్యాసర్ చేస్తున్నాడు. అరవైల్లో పావు మైలు డ్రాగ్ రేసుల్లో గ్యాస్ క్లాసులో పరిగెత్తిన బళ్లు అవి, బరువుని ఇంజన్ క్యూబిక్ ఇంచులతో భాగించి ఏ, బీ, సీ అని క్లాసులు చేసేవాళ్లట. ఈయనకి ఒకటే మడి, 1964 తర్వాత పుట్టిన పార్టు ఆ కారుని తాకకూడదు. 327 క్యూబిక్ ఇంచుల ఇంజన్ పాస్, మన్సీ ఫోర్ స్పీడ్ గేర్‌బాక్స్ పాస్. బ్రేకుల దగ్గరకొచ్చేసరికి మాత్రం మడి కాస్త సడలింది, ముందు డిస్కులు వేస్తాడట, ప్రాణం తీపి కదా.

నాకు అర్థం కానిదల్లా ముందు భాగమే. ఆ షెవీకి కంపెనీ వాళ్లే కాయిల్ స్ప్రింగులు, బాల్ జాయింట్లు ఇచ్చారు, సుబ్బరంగా ఉంది. అదంతా పీకేసి లారీకి ఉన్నట్టు అడ్డంగా ఒకే యాక్సిల్, కింద కమాన్ కట్టలు పెడతాడట! ఎందుకయ్యా అంటే, ఆ రోజుల్లో టైర్లకి గ్రిప్పు తక్కువ, ముక్కు పైకి లేపితే బండి కదిలేటప్పుడు బరువంతా వెనక టైర్ల మీద పడుతుంది అన్నాడు. తాడేపల్లిగూడెం నుంచి ఉల్లిపాయల లోడు వేసుకొచ్చిన మా నాన్న లారీ కూడా అలాగే ముక్కు లేపుకుని వచ్చేది, ఎవడూ కప్పు ఇవ్వలా.

ఏప్రిల్‌లో ఈ పాత పార్టుల సంత, అదే స్వాప్ మీట్, అంటే వాన ఖాయమట, వచ్చింది కూడా. మైదానం నిండా బురద, ఎక్కడ చూసినా తుప్పు పట్టిన డోర్లు, బంపర్లు, డబ్బాల్లో కార్బరేటర్లు. టార్పాలిన్ వాసనకి నాకు విజయవాడ ఆటోనగరే గుర్తొచ్చింది, టీ ఒక్కటే లేదు. ఫ్రెంచ్ ఫ్రైస్ తొమ్మిది డాలర్లు, అవి కూడా చల్లారిపోయినవి.

మూడు గంటలు తిరిగాక దొరికింది, పాత ఎకనోలైన్ వ్యాన్ ముందు యాక్సిల్. నాలుగొందలు అన్నాడు అమ్మేవాడు. పెద్దాయన కళ్లు మెరిసిపోతున్నాయి, అలా మెరిస్తే బేరం ఏం తెగుద్ది? నేను ఊరికే వంగి, చిన్నప్పుడు మా మేస్త్రి చేసినట్టు హబ్బుని పైనా కిందా పట్టుకుని ఊపా. టక్ టక్ అంది. కింగ్‌పిన్ బుష్‌లు, అంటే చక్రం పక్కకి తిరిగే పిన్ను చుట్టూ ఉండే తొడుగులు, పోయాయి అన్నా. ఇద్దరూ నా వైపు అదోలా చూశారు, ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకున్న మనిషి బురదలో గొంతుకూర్చుని కింగ్‌పిన్ అంటున్నాడేంటా అని. రెండొందల ఎనభైకి తెగింది.

తిరుగు ప్రయాణం ఏమీ గుర్తులేదు, నాలుగు సొరంగాలు, వెనకాల యాక్సిల్ గడగడలు, అంతే. రాత్రి సర్వీస్ ప్లాజాలో ఆగి నాన్నకి ఫోన్ చేశా, అక్కడ తెల్లారింది. అంతా విని, "దాని మీద లోడెంత వేస్తారు?" అన్నాడు.

"లోడేం ఉండదు నాన్నా, పావు మైలు పరిగెత్తించి ఆపేస్తారు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బుష్‌లు ఇత్తడివే వేయించమను," అన్నాడు.