అవ్వకు ఆధార్ తీయించడానికి మేం పడ్డ తిప్పలు - నా అనుభవం

మేం చేరదీసిన అవ్వ ఆధార్ కార్డు నిన్న పోస్టులో వచ్చింది. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే ఇది రాసేస్తున్నా.

మాది నల్లగొండలో ఒక చిన్న చర్చి. స్త్రీల సమాజం వాళ్లం వంట చేసేటప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడతాం, ఆదివారం అన్నీ ఒకచోట పోస్తాం. ఆ బియ్యంతో, కానుకల డబ్బుతో రైల్వే స్టేషన్, బస్టాండ్ దగ్గర పడుకునేవాళ్లకు రాత్రిపూట అన్నం పెడతాం. ఎవరూ లేని ముసలివాళ్ల కోసం రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఎవరినీ మతం అడగం. అవ్వ మెడలో నల్లదారానికి ఎల్లమ్మ బిళ్ల ఉంది. తీసేయమని ఎవరూ అనలేదు, అనం కూడా.

అవ్వది మర్రిగూడ వైపు పల్లె. కృష్ణా నీళ్లు రాకముందు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన మనిషి. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయింది, చేతివేళ్లు పూర్తిగా చాపలేదు. కొడుకు చనిపోయాక స్టేషన్ పాలైంది. ఆధార్ లేదు కాబట్టి ముసలివాళ్లకు సర్కారు ఇచ్చే ఆసరా పింఛను లేదు, రేషన్ కార్డు లేదు. మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్న ఈ రోజుల్లో ఆమె పేరు మీద ఒక్క గింజ కూడా రాదు.

ముందు పాత ఆధార్ ఏమైనా ఉందా అని కనుక్కున్నాం. ఇది అందరూ చేయాలి. ఎప్పుడో తీసుంటే మళ్లీ కొత్తగా తీసినా డూప్లికేట్ అని తిరస్కరిస్తారు. అవ్వ ఎన్నడూ తీయలేదు. పెద్దవాళ్లకు కొత్త ఆధార్ అన్ని సెంటర్లలో చేయరు, ఎక్కడ చేస్తారో అడిగి తెలుసుకున్నాం. అక్కడివరకు ఏ ఇబ్బందీ లేదు.

అసలు కష్టం సర్టిఫికెట్ దగ్గర మొదలైంది. ఏ కాగితమూ లేనివాళ్లకు ఒక ఫారం ఉంటుంది. దాని మీద ఫొటో అంటించి, పేరు, చిరునామా నింపి, గెజిటెడ్ అధికారి లాంటివాళ్లతో సంతకం చేయించాలి. సంతకం చేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. గుర్తింపు ఉన్న ఆశ్రమాలైతే వాటి నిర్వాహకులే రాసివ్వొచ్చు. మావి కిరాయి గదులు, మా మాట చెల్లదు. అందుకే ఒక ఆఫీసుకు వెళ్లాం. ఏ ఆఫీసో చెప్పను.

పొద్దున వెళ్తే లంచ్ అయ్యాక పిలిచారు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నడుము వంగిన ముసలామెను కూర్చోమనలేదు. నేనే కుర్చీ జరిపి కూర్చోబెట్టబోతే ఆ సారు, "ఉండనీ అమ్మా, ముందు విషయం చెప్పు" అన్నాడు. చెప్పాను. ఫారం చదవకుండానే నన్ను పైకీ కిందికీ చూసి, "ఈమె నీకేమైతది? ఎంతమందిని ఇట్ల మార్చిండ్రు ఇప్పటిదాకా?" అని అడిగాడు. బయట నిలబడ్డవాళ్లందరికీ వినబడింది. నాకు నోట మాట రాలేదు. తర్వాత అవ్వ వైపు తిరిగి, "నీకెంత ఇస్తమన్నరు?" అన్నాడు.

అవ్వ మెడలో బిళ్ల బయటికి తీసి చూపించింది. "నా ఎల్లమ్మ నాతోనే ఉన్నది సారూ. వీళ్లు బువ్వ పెట్టిండ్రు. నా పేరు రాసియ్యమంటే గింత సేపా?" అంది.

ఆయన ముఖం మాడ్చుకుని ఫారం కింద సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు. నేను ఫారం చూపించి, ఫొటో మీద కూడా సంతకం, ముద్ర పడాలి సార్ అన్నాను. "నాకు నేర్పుతున్నవా?" అన్నాడు.

సెంటర్ వాళ్లు ఆ ఫారం వెనక్కి ఇచ్చేశారు. సంతకం, ముద్ర రెండూ సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలట. మళ్లీ అదే ఆఫీసుకు పోతే, "ఒకసారి చేసిన, ఇగ నాతోని కాదు" అని అటెండర్‌తో చెప్పించాడు. లోపలికి కూడా పిలవలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆకలి తీర్చిన చేతిని అనుమానించేవాడు, ఆ ఆకలి తీర్చడానికి తానేం చేశాడో చెప్పాలి కదా! మా చర్చిలో బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. వాళ్ల గుప్పెడు బియ్యంలో కూడా ఈయనకు కుట్ర కనిపించింది.

ఇక నా సలహా. సంతకాల కోసం ఏసీ గదుల చుట్టూ తిరగకండి, సర్కారు డాక్టర్ల దగ్గరికి పోండి, వాళ్లలోనూ గెజిటెడ్ అధికారులు ఉంటారు. అవ్వ నొప్పులకు మందులు రాసే డాక్టరమ్మ ఓపీ మధ్యలోనే కొత్త ఫారం తీసుకుని, ప్రతి గడీ చదివి, ఫొటో అంచు మీదుగా సంతకం చేసి ముద్ర వేసింది. "అవ్వా, పేరు సరిగ్గనే రాసిండ్రా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆమె హిందువో, ముస్లిమో, క్రైస్తవురాలో నాకు తెలియదు, అడగాల్సిన పని కూడా పడలేదు.

సెంటర్‌లో వేలిముద్రలకు చాలాసేపు పట్టింది. వేళ్లు మిషను మీద చదునుగా ఆనవు. అక్కడి కుర్రాడు విసుక్కోకుండా అవ్వ చేయి తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలు మెల్లగా నొక్కాడు. ముద్రలు సరిగ్గా పడకపోయినా కనుపాపలు బాగా వచ్చాయి. కొత్త ఆధార్‌కు రూపాయి కూడా తీసుకోకూడదు, మా దగ్గర తీసుకోలేదు కూడా. రసీదు మీద పద్నాలుగు అంకెల నంబరు ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి, ఆ నంబరుతోనే ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. పెద్దవాళ్ల దరఖాస్తును పరిశీలించాకే కార్డు ఇస్తారు కాబట్టి ఆలస్యమవుతుంది, టెన్షన్ పడకండి.

ఇప్పుడు పింఛను పని పట్టుకోవాలి. 57 ఏళ్లు దాటితే అర్హత ఉంది, అవ్వకు ఎప్పుడో దాటాయి. నెలకు 2016 రూపాయలు వస్తే తన మందులు తనే కొనుక్కుంటానంటోంది. సోమవారం పోస్టాఫీసులో ఖాతా తెరిపిస్తున్నాం. స్టేషన్ దగ్గర కాగితాల్లేని తాత ఒకాయన ఉన్నాడు, ఆయన ఫొటోలు కూడా అదే రోజు దిగాలి.