పెరంబూరులో ఐదు గుడ్లు

మా అత్తయ్యది గూడూరు పక్కన పల్లె. కోడిని పొదగేసి 21 రోజులు బుట్ట జోలికి పోకుండా ఉండటం ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటు. నాకు ఆ ఓపిక లేదు. కిందటి జూన్‌లో మా బడ్జీ (పంజరంలో పెంచుకునే చిన్న చిలక) పెట్టిన నాలుగు గుడ్లూ పోవడానికి కారణం నేనే. రోజుకి నాలుగుసార్లు ఫోన్ టార్చ్ వేసి చూశాను. ఒకరోజు పిట్ట లోపల ఉండగానే పెట్టె దించాను. అది బెదిరి రెక్కలు కొట్టుకుంటే రెండు గుడ్లు చితికాయి, మిగిలిన రెండింటి మీద మళ్లీ కూర్చోలేదు. అందుకే ఈసారి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పెట్టె తెరవాలని చెయ్యి దురద పెట్టినప్పుడల్లా తెరవకుండా బుక్కులో రాయాలని రూలు. అందులోంచి పనికొచ్చేవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు జంట సంగతి. మగది గోవిందు, నీలం రంగు. ఆడది చిట్టెమ్మ, ఆకుపచ్చ. షాపుల్లో వీటిని లవ్ బర్డ్స్ అనే అమ్ముతారు కానీ అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, ఇవి ఆస్ట్రేలియావి. చిట్టెమ్మకి తోడుగా మొదట నాకు "జత" అని చెప్పి అంటగట్టింది కూడా ఆడపిట్టే. రెండూ పోటీపడి ఏడు గుడ్లు పెట్టాయి, ఒక్కటీ పిల్ల కాలేదు, ఎలా అవుతుంది! ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి భాగం చూసి గుర్తుపట్టాలి. పెద్దయిన మగదానికి నీలంగా ఉంటుంది. ఆడదానికి తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, గుడ్లకి వచ్చినప్పుడు ముదురు గోధుమరంగుకి తిరిగి గరుకుగా అవుతుంది. పిల్లల్లో తేడా అంత తెలియదు, పూర్తి పసుపు, పూర్తి తెలుపు మగవాటికి పెద్దయినా గులాబీ రంగే ఉంటుంది. అందుకని కొత్తవాళ్లు ఏడాది దాటిన నీలమో ఆకుపచ్చో కొనుక్కోవడం మంచిది. గుడ్లకి వదలడానికీ కనీసం ఏడాది వయసు ఉండాలి.

డిసెంబర్ 14. పల్లావరం శుక్రవారం సంతలో కొన్న ప్లైవుడ్ పెట్టె తగిలించాను. 9 అంగుళాల ఎత్తు, అడుగు 6 బై 6, కన్నం రెండు అంగుళాల లోపు. అడుగుపలక మధ్యలో గుంట తొలిచి ఉందో లేదో చూసి మరీ కొన్నాను. గుంట లేకపోతే గుడ్లు మూలలకి దొర్లిపోతాయి, పుట్టిన పిల్లల కాళ్లు రెండు పక్కలకీ చాపుకుపోయి అలాగే ఉండిపోతాయి. లోపల గుప్పెడు చిత్రిక పొట్టు వేశాను, రంగు, పాలిష్ తగలని కర్రది. రంపపు పొట్టు వద్దు, ఆ దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. గడ్డి, పీచు కూడా అక్కర్లేదు. వీటి సొంత ఊళ్లో ఇవి యూకలిప్టస్ చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి, గూడు అల్లే అలవాటే లేదు.

డిసెంబర్ 21. చిట్టెమ్మ కన్నం అంచులు కొరుకుతోంది. గోవిందు తల పైకీ కిందకీ ఊపుతూ దాని నోట్లో మేత కక్కుతున్నాడు. పాప "ఛీ" అంది. ఆస్ట్రేలియాలో వానలు పడి గడ్డి గింజలు పండినప్పుడు ఇవి జత కడతాయట. మద్రాసులో కూడా వానాకాలం ఇప్పుడే ముగిసింది కదా, మే నెల ఎండల్లో పెట్టించడం కంటే ఇదే నయం.

మేతకి కొర్రలు, సజ్జలు, వరిగెలు. ఇక్కడి కొట్లో తినై, కంబు అని అడగాలి, కొర్రలంటే మొహం తెల్లగా పెడతారు. పొద్దున్నే ఉడికించిన గుడ్డు పావు ముక్క పెంకుతో సహా నలిపి, వెనకవీధి చెట్టు మునగాకు సన్నగా తరిగి కలిపి పెడుతున్నాను. రెండు గంటలయ్యాక మిగిలింది తీసేయాలి, ఈ ఉక్కలో గుడ్డు ఊరికే పాడైపోతుంది. కాల్షియం కోసం సముద్రపు నురుగు. పెట్ షాపులో కటిల్ బోన్ అని రేటు చెప్తారు. అదే నాటుమందుల కొట్లో కడల్ నురై అని అడిగితే చవకగా వస్తుంది. కడిగి ఎండబెట్టి పంజరానికి కట్టాను.

జనవరి 3. మొదటి గుడ్డు! రెండు రోజులుగా చిట్టెమ్మ రెట్ట మామూలు కంటే మూడింతలు ఉంటే ఏదో జబ్బనుకున్నాను. గుడ్లకి వచ్చిన పిట్ట అలాగే వేస్తుంది, వాసన కూడా వస్తుంది. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని చూసి, "ఇదేం గుడ్డే అమ్మాయ్, గోలీకాయ!" అంది. నిజంగానే గోలీకాయంత ఉంది, తెల్లగా, కాస్త కోలగా.

రోజు విడిచి రోజు పెడుతుంది: 3, 5, 7, 9, 11. స్కెచ్ పెన్నుతో ఒక చుక్క, రెండు చుక్కలు అని గుర్తులు పెట్టాను. పెన్సిల్ మొన తగిలితే పెంకు చిల్లుపడుతుంది. ఈ గుర్తులు లేకపోతే ఏ గుడ్డుకి ఎన్నో రోజో తెలియక పిచ్చెక్కుతుంది. చిట్టెమ్మ గట్టిగా కూర్చోవడం మొదలుపెట్టింది రెండో గుడ్డు నుంచే, కాబట్టి మొదటి రెండింటికీ లెక్క 5వ తేదీ నుంచి. అక్కడినుంచి సుమారు 18 రోజులు.

జనవరి 9. ఈరోజు ప్రాణం పోయినంత పనైంది. పొద్దున చిట్టెమ్మ పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోంది. గుడ్డు అడ్డం పడిందని భయం వేసింది. పంజరం ఒక పక్కన 40 వాట్ల బల్బు పెట్టి, మూడు వైపులా దుప్పటి కప్పి, పిట్టల్ని చూసే డాక్టరుకి ఫోన్ చేశాను. వెచ్చగా ఉంచి వెంటనే తీసుకురమ్మన్నారు, నూనె రాయడం, నొక్కడం లాంటివి చెయ్యొద్దని గట్టిగా చెప్పారు. ఆటో బుక్ చేస్తుండగా టక్కున లేచి పెట్టెలోకి దూరింది. పది నిమిషాల్లో నాలుగో గుడ్డు. ఆటో క్యాన్సిల్ చేసి, డాక్టరుకి చెప్పి, కాఫీ తాగి కూర్చున్నాను. నాకు అదృష్టం కలిసొచ్చింది కానీ, మీకు ఇలాంటిది కనిపిస్తే ఆటో ఎక్కేయండి. ఆలస్యమైతే పిట్ట దక్కదు.

జనవరి 12. గుడ్లు చూసే రోజు. గుడ్డుమేత పెట్టగానే చిట్టెమ్మ బయటికి వచ్చి ఐదారు నిమిషాలు తింటుంది, అదొక్కటే నాకు దొరికే టైము. నల్ల అట్టముక్కకి శనగగింజంత చిల్లు పెట్టి, ఫోన్ లైటు మీద ఉంచి, ఆ చిల్లు మీద గుడ్డుని తాకీ తాకనట్టు పెట్టాను. మొదటి రెండు గుడ్లలో ఎర్రటి నరాలు, నడుమ నల్లటి చుక్క. రెండో దాంట్లో ఆ చుక్క కొట్టుకుంటోంది. టిక్ టిక్ టిక్, లెక్కపెట్టలేనంత వేగంగా. మూడో దాంట్లో సన్నటి ఎర్రగీతలు రెండే. పాప ఊపిరి బిగబట్టి చూసింది. అత్తయ్య మాత్రం, "మేం ఎండకి చెయ్యి అడ్డం పెట్టి చూసేవాళ్లం, దీనికింత హంగామానా" అంది కానీ రెండోసారి చూపించమని అడిగింది.

జనవరి 14. భోగి. పోయినేడు ఈ సందులో పాత టైర్లు, చాపలు తగలబెడితే తెల్లారేసరికి పొగమంచో పొగో తెలియలేదు. పిట్టల ఊపిరితిత్తులు పొగని అసలు తట్టుకోలేవు. రాత్రే హాలు కిటికీలన్నీ వేసి, బాల్కనీ తలుపు కింద తడి తువ్వాలు దోపాను. మా ఆయన సగం నిద్రలో తలుపు తీయబోతే అత్తయ్యే అరిచింది. పొగ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట: ఖాళీ నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే ఆవిరి కూడా వీటిని చంపేస్తుంది. వంటింటి పక్కన పంజరం పెట్టుకున్నవాళ్లు ఇనప పెనం వాడుకోండి. దోమల మందు మెషీన్ కూడా హాల్లోంచి తీసేశాను. దోమలు మమ్మల్ని తింటున్నాయి.

జనవరి 17. ఐదో దాంట్లో నరాలు కనిపించాయి. నాలుగోది ఖాళీ. ఎనిమిది రోజులైనా లోపల పసుపే, లైటు ఆ పక్కనుంచి ఈ పక్కకి అద్దంలో లాగా వస్తోంది. పారేయలేదు. తీసేస్తే చిట్టెమ్మకి అనుమానం, ఉంటే పుట్టిన పిల్లలకి ఒరగడానికి ఆసరా. ఇక ఈరోజుతో లైటు కట్. చివరి రోజుల్లో గుడ్లు కదపకూడదు.

జనవరి 20. చీమలు! పెట్టె వెనక గోడ మీద బారు. అప్పుడే పుట్టిన పిల్లని చీమలు బతకనివ్వవు. మందు కొట్టడానికి లేదు. అత్తయ్య నాలుగు ప్లాస్టిక్ మూతలు తెచ్చి, వాటిలో నీళ్లు పోసి స్టాండు కాళ్లు అందులో పెట్టమంది, వాళ్లింట్లో పాల బీరువాకి అలాగే చేసేవాళ్లట. పంజరాన్ని గోడకి జానెడు ఇవతలికి జరిపాను. నీళ్లు రోజూ మార్చాలి, లేదంటే దోమల పిల్లలు. అలాగే గుట్టుగా గుడ్ల దగ్గర ఒక ఇనప మేకు పెడతానంది, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా. జనవరిలో ఉరుములెక్కడివి అత్తయ్యా అన్నా వినలేదు. చివరికి పెట్టె మీద పెట్టడానికి రాజీ పడ్డాం. ఆ మేకు ఇప్పటికీ అక్కడే ఉంది.

జనవరి 22. ఏమీ లేదు. పాప స్కూల్ నుంచి వచ్చాక మూడుసార్లు అడిగింది, ఆయన ఆఫీసు నుంచి రెండుసార్లు మెసేజ్ పెట్టారు. బుక్కులో ఈరోజు పేజీ అంతా "చూడకూడదు" అని ఉంది.

జనవరి 23, సాయంత్రం. పెట్టెకి చెవి ఆనించాను. చిట్టెమ్మ గొంతు కాదు అది. ఇసుక మీద చెప్పు రాసినట్టు సన్నటి చప్పుడు, ఆగి ఆగి. పెంకు లోపలినుంచే కూస్తాయి ఇవి, బయటికి రావడానికి ఒక రోజు పైనే పడుతుంది.

జనవరి 24. పొద్దున ఆరున్నరకి చూస్తే ఒకటి వచ్చేసింది! వెల్లికిలా పడుకుని ఉంది, నా బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది. ఒంటి మీద నూగు లేదు, రొయ్య రంగు చర్మం, కళ్లున్న చోట లోపలినుంచి కనిపించే రెండు నల్లమచ్చలు. పక్కన పెంకు రెండు సమాన ముక్కలుగా, కత్తితో కోసినట్టు. చిట్టెమ్మ తినడం మానేసి వచ్చి నన్ను తిడుతుంటే మూత వేసేశాను. సాయంత్రానికి రెండోది. రాత్రికి రెండింటి మెడ కిందా మేత సంచి తెల్లగా నిండి ఉంది, అంటే తల్లి పెడుతోందన్నమాట. ఆ సంచి నిండి కనిపించినంత కాలం మనం వేలు పెట్టాల్సిన పనేమీ లేదు. ఈ రోజుల్లో గోవిందు పని ఎక్కువ: వాడు తిని దానికి పెట్టాలి, అది పిల్లలకి పెట్టాలి. మేత రెట్టింపు చేశాను.

జనవరి 26. మూడోది. కింద అపార్ట్‌మెంట్లో జెండా ఎగరేసి మైకులో పాటలు పెడుతుంటే పుట్టింది. పాప దానికి జెండా అని పేరు పెట్టేసింది.

జనవరి 30. ఐదోదానికి లెక్క దాటింది. పెంకు నల్లగా మారింది కానీ పగులు లేదు. గోరువెచ్చటి నీళ్లలో వేస్తే బతికున్న గుడ్డు వణుకుతుందని అత్తయ్య అంటుంది. కళ్లకి కనపడని పగులున్నా నీళ్లు లోపలికి పోతాయని నేను ఒప్పుకోలేదు. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి 3. తీసేశాను. 23 రోజులు. బాల్కనీలో కుండీ పక్కన కూర్చుని ఒలిచి చూశాను, లోపల పూర్తిగా తయారైన పిల్ల, తల రెక్క కిందే ఉంది. ఎందుకు రాలేకపోయిందో తెలియదు. తులసికుండీలో పాతిపెట్టాను. పాపకి ఖాళీ గుడ్డే అని చెప్పాం, నాలుగోదీ ఇదీ ఒకేసారి తీసేశాం కాబట్టి నమ్మింది.

ఫిబ్రవరి 9. పెద్దదానికి 16 రోజులు. కళ్లు ఎప్పుడో తెరిచింది, రెక్కల మీద ముళ్లలాగా ఈకలు పొడుచుకొస్తున్నాయి. పెద్దవి రెండూ ఆకుపచ్చ, జెండా నీలం! వీటిలో ఆకుపచ్చదే పైచేయి, రెండువైపులా నీలం వస్తేనే పిల్ల నీలం అవుతుంది. అంటే చిట్టెమ్మ లోపల కూడా నీలం దాక్కుని ఉందన్నమాట. ఈరోజు పొట్టు మార్చాను: పిల్లల్ని స్టీలు గిన్నెలో గుడ్డ పరిచి కూర్చోబెట్టి, కాలివేళ్లకి గట్టిపడ్డ రెట్టని తడిదూదితో నానబెట్టి తీసి, ముక్కు లోపలివైపు మేత అంటుకుందేమో చూసి, ఐదు నిమిషాల్లో తిరిగి పెట్టేశాను. జెండా గిన్నెలోంచి అత్తయ్య చీర మీదికి ఎక్కి రెట్ట వేసింది. ఆవిడ తుడుచుకోలేదు, ముందు దాన్ని లోపల పెట్టమంది, చలికి తట్టుకోలేదని. బయట 30 డిగ్రీలు.

గూట్లోంచి బయటికి రావడానికి ఇంకా రెండు మూడు వారాలు పడుతుంది. రెండోవిడతకి చిట్టెమ్మ తొందరపడితే మాత్రం పిల్లలు బయటికి రాగానే పెట్టె తీసేస్తాను. ఏడాదికి రెండు విడతలు మించితే దాని ఒంట్లో ఏమీ మిగలదు. జెండాని మా ఆడపడుచు అడిగింది, అత్తయ్య ఇవ్వనంటోంది.